మాన్యువల్ వర్సెస్ ఆటోమేటిక్: స్పీడ్‌లో ఓడిపోయిన గేర్ రాడ్‌ను కార్ల కంపెనీలు మళ్లీ ఎందుకు తెచ్చాయి?

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే 510 హార్స్‌పవర్ ఇంజిన్. తేడా ఒక్కటే.. గేర్‌బాక్స్. 2021లో వచ్చిన పోర్షే 911 జీటీ3ని ఆటోమేటిక్‌గా గేర్లు మార్చే పీడీకే గేర్‌బాక్స్‌తో తీసుకుంటే, సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగాన్ని 3.4 సెకన్లలో అందుకుంటుంది. అదే కారును క్లచ్, గేర్ రాడ్ ఉన్న 6 స్పీడ్ మాన్యువల్‌తో తీసుకుంటే 3.9 సెకన్లు పడుతుంది. ఇవి కంపెనీ స్వయంగా చెప్పిన లెక్కలే.

అర సెకనే కదా అనిపించొచ్చు. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు అర సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. అంటే మూడు కార్ల పొడవు. రేసులో ఇది చాలా పెద్ద గ్యాప్.

మరి ఇంత తేడా ఉన్నా ఆ మాన్యువల్‌ను పోర్షే ఇంకా ఎందుకు అమ్ముతోంది? పైగా ఇదే జీటీ3 నుంచి ఒకసారి మాన్యువల్‌ను పూర్తిగా తీసేసి, నాలుగేళ్లకే మళ్లీ ఎందుకు తెచ్చింది? ఫెరారీ, లంబోర్గిని మాత్రం ఎందుకు వెనక్కి తిరిగి చూడలేదు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలంటే ముందుగా గేర్‌బాక్స్ సంగతేంటో చూడాలి.

అసలు గేర్‌బాక్స్ చేసే పనేంటి?

పెట్రోల్ ఇంజిన్ అన్ని వేగాల్లోనూ ఒకేలా లాగలేదు. ఇంజిన్ మరీ నెమ్మదిగా తిరుగుతుంటే బలం ఉండదు. ఒక హద్దు దాటి వేగంగా తిరిగితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఈ రెండింటి మధ్యే దాని అసలు బలం ఉంటుంది. బండి ఏ వేగంలో ఉన్నా ఇంజిన్‌ను ఆ మధ్య రేంజ్‌లో ఉంచడమే గేర్ల పని. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు చిన్న గేర్‌లో గట్టిగా శబ్దం చేస్తూ వెళ్తుంది. అదే బస్సు హైవే ఎక్కితే టాప్ గేర్‌లో నింపాదిగా సాగిపోతుంది. కారణం ఇదే.

మాన్యువల్‌లో గేర్ మార్చాలంటే యాక్సిలరేటర్ వదలాలి, క్లచ్ తొక్కాలి, గేర్ రాడ్ కదపాలి, మళ్లీ క్లచ్ వదలాలి. క్లచ్ తొక్కి ఉన్నంతసేపు ఇంజిన్‌కు, చక్రాలకు సంబంధం ఉండదు. అంటే ఆ కాసేపు కారును ముందుకు నెట్టేది ఏదీ లేదు. అనుభవం ఉన్న డ్రైవర్‌కైనా ఇందుకు సుమారు అర సెకను పడుతుంది. మామూలు ప్రయాణంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ పెర్ఫార్మెన్స్ కార్లలో పోటీ అంతా ఆ కాస్త సమయం గురించే.

ఆటోమేటిక్ అంటే ఒక్కటే కాదు

చాలామంది క్లచ్ పెడల్ లేని కార్లన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. కానీ లోపల చూస్తే ఇవి వేర్వేరు.

టార్క్ కన్వర్టర్: ఇది పాతకాలం నుంచి ఉన్న అసలు ఆటోమేటిక్. ఇందులో ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య క్లచ్ బదులు ఆయిల్ పని చేస్తుంది. ఒకవైపు ఫ్యాన్ తిరిగితే ఆ ఆయిల్ ఒత్తిడికి రెండోవైపు ఫ్యాన్ తిరుగుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను పెద్దఎత్తున అమ్మడం మొదలుపెట్టింది.

ఏఎంటీ: ఇది నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. కాకపోతే క్లచ్ తొక్కడం, గేర్ మార్చడం అనే పనులను మనిషి బదులు యంత్రం చేస్తుంది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో పాపులర్ అయ్యింది ఇదే.

డ్యూయల్ క్లచ్: పేరుకు తగ్గట్టే ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒక క్లచ్ 1, 3, 5 గేర్లను, మరో క్లచ్ 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. కారు రెండో గేర్‌లో వెళ్తుండగానే మూడో గేర్ రెడీగా ఉంటుంది. మార్చాల్సిన క్షణంలో ఒక క్లచ్ వదులుతుంటే ఇంకోటి అందుకుంటుంది. మధ్యలో గ్యాప్ దాదాపు ఉండదు. పోర్షే పీడీకే, ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ ఈ కోవలోవే.

సీవీటీ: ఇందులో విడివిడిగా గేర్లు ఉండవు. బెల్ట్, పుల్లీలతో నడుస్తుంది. సిటీ డ్రైవింగ్‌కు సుఖంగా ఉంటుంది కానీ పెర్ఫార్మెన్స్ కార్లలో పెద్దగా కనిపించదు.

రేస్ ట్రాక్ నుంచి రోడ్డు మీదకు..

గేర్ రాడ్‌కు అసలు ముప్పు మొదలైంది ఫార్ములా వన్‌లో. 1989లో ఫెరారీ తన 640 కారులో స్టీరింగ్ వెనకే రెండు ప్యాడిల్స్ పెట్టింది. ఒకటి లాగితే గేర్ పెరుగుతుంది, రెండోది లాగితే తగ్గుతుంది. డిజైనర్ జాన్ బర్నార్డ్ ఆలోచన ఇది. ఆ ఏడాది తొలి రేసు బ్రెజిల్ గ్రాండ్ ప్రిలో నైజెల్ మాన్సెల్ ఇదే కారుతో గెలిచాడు. ఆ సీజన్‌లో రిలయబిలిటీ సమస్యలు వెంటాడినా దారి మాత్రం ఖరారైపోయింది. డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద నుంచి తీయక్కర్లేదు. తప్పుడు గేర్ పడే ప్రమాదం తగ్గింది. కొన్నేళ్లలోనే మిగతా టీమ్‌లూ ఇదే బాట పట్టాయి.

1997లో ఫెరారీ ఆ టెక్నాలజీని ఎఫ్355 ఎఫ్1తో రోడ్డు మీదకు తెచ్చింది. ఇక్కడ ఓ ఆసక్తికరమైన విషయం ఉంది. ఎఫ్355లోని ఆ గేర్‌బాక్స్, మన సెలెరియోలోని ఏఎంటీ పనిచేసే మూలసూత్రం ఒక్కటే. రెండింటిలోనూ ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌ను నడిపేది హైడ్రాలిక్స్. ధర, వేగం, నాణ్యతలో మాత్రం నింగికీ నేలకీ ఉన్నంత తేడా.

తర్వాత డ్యూయల్ క్లచ్ వచ్చి సీన్ మార్చేసింది. పోర్షే దీన్ని 1980ల్లోనే రేసు కార్లలో పరీక్షించింది. కానీ షోరూమ్ కారులో మొదట పెట్టింది ఫోక్స్‌వ్యాగన్. 2003లో వచ్చిన గోల్ఫ్ ఆర్32లో ఇది కనిపించింది. 2007లో నిస్సాన్ జీటీ-ఆర్ మాన్యువల్ ఆప్షనే లేకుండా డ్యూయల్ క్లచ్‌తోనే వచ్చింది. 2008లో పోర్షే 911కు పీడీకే అందింది. 2009లో వచ్చిన ఫెరారీ 458 ఇటాలియాలోనూ, 2014లో వచ్చిన లంబోర్గిని హురాకాన్‌లోనూ మాన్యువల్ లేదు. అమెరికన్ల ఫేవరెట్ స్పోర్ట్స్ కారు షెవ్రొలే కార్వెట్ కూడా 2020 మోడల్ నుంచి డ్యూయల్ క్లచ్‌కే పరిమితమైంది. విశేషం ఏంటంటే, 1953లో పుట్టిన మొట్టమొదటి కార్వెట్ కూడా ఆటోమేటిక్‌తో మాత్రమే వచ్చింది. అందులో ఉన్నవి రెండే గేర్లు.

ఆటోమేటిక్ ఎందుకు ఫాస్ట్? 4 కారణాలు

1. గ్యాప్ లేకపోవడం: గేర్ మారే సమయంలోనూ చక్రాలకు శక్తి అందుతూనే ఉంటుంది. 100 కిలోమీటర్ల వేగం అందుకునేలోపు ఒకటి రెండు గేర్లు మార్చాల్సి వస్తే, ఆదా అయిన ఆ సమయమే రిజల్ట్‌ను మార్చేస్తుంది.

2. టర్బో ఒత్తిడి తగ్గదు: టర్బో ఇంజిన్‌లో గాలిని ఒత్తిడితో లోపలికి పంపుతారు. మాన్యువల్‌లో గేర్ మార్చడానికి యాక్సిలరేటర్ వదలగానే ఆ ఒత్తిడి కొంత పడిపోతుంది. మళ్లీ పుంజుకోవడానికి టైమ్ పడుతుంది. ఆటోమేటిక్‌లో ఈ ఇబ్బంది తక్కువ.

3. లాంచ్ కంట్రోల్: నిలబడి ఉన్న కారును గరిష్ఠ వేగంతో లేపడం కష్టమైన పని. క్లచ్ త్వరగా వదిలితే టైర్లు అక్కడే గిర్రున తిరుగుతాయి, ఆలస్యంగా వదిలితే క్లచ్ కాలుతుంది. కంప్యూటర్ ఈ పనిని ప్రతిసారీ ఒకేలా చేస్తుంది. మనిషికి అది సాధ్యం కాదు.

4. ఎక్కువ గేర్లు, ఎక్కువ టార్క్: మాన్యువల్‌లో సాధారణంగా 6 గేర్లే. ఆటోమేటిక్‌లో 8 వరకు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ ఉంటాయి. టార్క్ విషయంలోనూ తేడా ఉంది. ఉదాహరణకు కొత్త బీఎండబ్ల్యూ ఎం2లో ఇంజిన్ ఒక్కటే అయినా ఆటోమేటిక్‌కు 600 న్యూటన్ మీటర్లు ఇచ్చిన కంపెనీ, మాన్యువల్‌ను 550 దగ్గరే ఆపేసింది.

అయితే డ్యూయల్ క్లచ్ కూడా శాశ్వత విజేత కాలేదు. 2017లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 డ్యూయల్ క్లచ్‌ను వదిలేసి 8 స్పీడ్ టార్క్ కన్వర్టర్‌కు మారింది. ఒకప్పుడు బద్ధకంగా గేర్లు మారుస్తుందని పేరుపడ్డ పాత టెక్నాలజీ ఇప్పుడు అంతగా మెరుగైంది. పైగా ట్రాఫిక్‌లో డ్యూయల్ క్లచ్ కంటే ఇది సాఫీగా నడుస్తుంది.

ఒక్క తప్పుడు గేర్.. లక్షల్లో నష్టం!

మాన్యువల్‌కు ఉన్న మరో రిస్క్‌ను కారు ప్రియులు ‘మనీ షిఫ్ట్’ అంటారు. డబ్బులు వదిలించే గేర్ అన్నమాట. హై స్పీడ్‌లో మూడో గేర్ నుంచి నాలుగో గేర్‌కు వెళ్లబోయి పొరపాటున రెండో గేర్‌లో వేసి క్లచ్ వదిలితే ఏమవుతుంది? చక్రాలు తమ వేగంతో ఇంజిన్‌ను బలవంతంగా తిప్పేస్తాయి. ఇంజిన్ తన హద్దు దాటి తిరుగుతుంది. లోపలి వాల్వ్‌లు, పిస్టన్లు ఒకదానికొకటి తగిలి ఇంజిన్ పూర్తిగా పాడైపోయే ప్రమాదం ఉంది.

ఇంజిన్‌లోని ఎలక్ట్రానిక్ లిమిటర్ దీన్ని ఆపలేదు. అది ఇంధనాన్ని మాత్రమే ఆపగలదు, చక్రాల నుంచి వచ్చే బలాన్ని కాదు. ఆటోమేటిక్‌లో అయితే ఆ వేగానికి సరిపడని గేర్ అడిగినా కంప్యూటర్ ఒప్పుకోదు. ఖరీదైన ఇంజిన్ ఉన్న కారులో ఇది చిన్న విషయం కాదు. అందుకే మాన్యువల్ పెర్ఫార్మెన్స్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు, ఇంజిన్ ఎప్పుడైనా హద్దు దాటి తిరిగిందా అన్న రికార్డును కంప్యూటర్‌లో చెక్ చేయించుకుంటారు.

పోర్షేకు తెలిసొచ్చిన సంగతి

ఇన్ని మైనస్‌లు ఉంటే మాన్యువల్ ఎప్పుడో పోవాలి కదా? పోర్షే కూడా అలాగే అనుకుంది. 2013లో వచ్చిన 911 జీటీ3లో మాన్యువల్‌ను పూర్తిగా తీసేసి పీడీకే ఒక్కటే ఇచ్చింది. లాజిక్ సింపుల్.. జీటీ3 ట్రాక్ కోసం పుట్టిన కారు, ట్రాక్‌లో పీడీకేనే ఫాస్ట్. కాబట్టి పీడీకేనే ఉండాలి.

కానీ అభిమానులు ఒప్పుకోలేదు. కారు ఫాస్ట్‌గా ఉందని ఒప్పుకుంటూనే, నడిపే మజా తగ్గిందని పెదవి విరిచారు. 2016లో పోర్షే 911 ఆర్ పేరుతో 991 కార్లు మాత్రమే తయారుచేసింది. ఇందులో 500 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంది కానీ పీడీకే లేదు, మాన్యువల్ ఒక్కటే. ఆ కార్ల కోసం ఎగబడ్డారు. కొద్దికాలంలోనే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో షోరూమ్ ధరను మించిపోయి అమ్ముడయ్యాయి. 2017లో వచ్చిన జీటీ3లో మాన్యువల్ మళ్లీ ఆప్షన్‌గా ప్రత్యక్షమైంది.

ఆ తర్వాత పోర్షే చేసిన పని గమనిస్తే మొత్తం విషయం అర్థమవుతుంది. ల్యాప్ టైమ్ కోసమే తయారైన జీటీ3 ఆర్ఎస్‌లో మాన్యువల్ ఇవ్వలేదు. 911కు 60 ఏళ్లు నిండిన సందర్భంగా 2023లో తెచ్చిన 911 ఎస్/టీలో ఆటోమేటిక్ ఇవ్వలేదు. ఆ రెండింటి మధ్య ఉన్న జీటీ3లో మాత్రం ఏది కావాలో కస్టమర్‌కే వదిలేసింది. అంటే ఏ గేర్‌బాక్స్ గొప్ప అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఈ కారు ఎందుకోసం అన్న ప్రశ్న వేసుకుంది.

2025లో ఇంకో ట్విస్ట్. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో డ్రైవర్ యోర్గ్ బెర్గ్‌మైస్టర్ కొత్త జీటీ3 మాన్యువల్‌తో 6 నిమిషాల 56.294 సెకన్లలో ల్యాప్ పూర్తిచేశాడు. నాలుగేళ్ల క్రితం పీడీకే ఉన్న పాత జీటీ3 నమోదుచేసిన 6 నిమిషాల 59.927 సెకన్ల కంటే ఇది తక్కువ. దీన్నిబట్టి మాన్యువల్ ఫాస్ట్ అయిపోయిందనుకుంటే పొరపాటే. కొత్త కారులో సస్పెన్షన్, గేర్ రేషియోలు కూడా మారాయి. కాకపోతే గొప్ప డ్రైవర్ చేతిలో గేర్ రాడ్ ఎంత దూరం వెళ్లగలదో ఇది చూపించింది.

మజా అంటే ఏంటి?

మాన్యువల్ అభిమానులు చెప్పే మజా గాల్లోంచి పుట్టింది కాదు. మలుపు ముందు బ్రేక్ వేస్తూనే అదే కాలి మడమతో యాక్సిలరేటర్‌ను కాస్త నొక్కి, ఇంజిన్ వేగాన్ని కింది గేర్‌కు సరిపోయేలా పెంచి క్లచ్ వదలాలి. దీన్ని హీల్ అండ్ టో అంటారు. సరిగ్గా కుదిరితే కారు కుదుపు లేకుండా మలుపులోకి జారుకుంటుంది. కుదరకపోతే వెనక చక్రాలు పట్టు తప్పొచ్చు. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. కుదిరిన రోజు కలిగే తృప్తి వేరు. కారును మనమే నడిపాం అనిపిస్తుంది. ప్యాడిల్ లాగితే ఎవరు లాగినా ఒకటే రిజల్ట్.

ఇంకో కారణమూ ఉంది. నేటి పెర్ఫార్మెన్స్ కార్ల వేగం మామూలు రోడ్ల హద్దును ఎప్పుడో దాటేసింది. 3.4 సెకన్లయినా, 3.9 సెకన్లయినా రోడ్డు మీద ఆ తేడాను వాడుకునే చోటు ఎక్కడుంది? కానీ గేర్ మార్చే ఆనందం 60 కిలోమీటర్ల వేగంలోనూ దొరుకుతుంది. టయోటా సుప్రా కథ కూడా ఇలాంటిదే. 2019లో ఆటోమేటిక్‌తో మాత్రమే వచ్చిన ఈ కారుకు 2022లో మాన్యువల్ జత చేశారు. అదే టయోటా, మాన్యువల్‌తో మాత్రమే మొదలైన జీఆర్ యారిస్‌కు 2024లో ఆటోమేటిక్‌ను జోడించింది. అంటే డిమాండ్ రెండువైపులా ఉంది.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక..?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరంలో ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ కార్లలో డ్రైవర్లు గేర్లు మార్చే పనే లేదు. ఎలక్ట్రిక్ మోటార్ సున్నా వేగం నుంచే పూర్తి బలంతో లాగుతుంది, చాలా ఎక్కువ వేగం వరకు తిరుగుతుంది. అందుకే దానికి ఒక్క గేర్ చాలు. పోర్షే టైకాన్ లాంటి కొన్ని కార్లలో మాత్రం రెండు గేర్లు ఉంటాయి, అవి కూడా వాటంతట అవే మారతాయి.

అయితే హ్యుందాయ్ తన ఎలక్ట్రిక్ కారు అయోనిక్ 5 ఎన్‌లో చేసిన పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. లేని గేర్లను సాఫ్ట్‌వేర్‌తో సృష్టించింది. ప్యాడిల్ లాగగానే మోటార్ బలాన్ని క్షణకాలం తగ్గించి, గేర్ మారినట్టు చిన్న కుదుపు ఇస్తుంది. స్పీకర్లలో ఇంజిన్ శబ్దం వినిపిస్తుంది. అంటే ఇంజనీర్లు దశాబ్దాలపాటు కష్టపడి తీసేసిన కుదుపును ఇప్పుడు కావాలని మళ్లీ పెడుతున్నారు. డ్రైవర్‌కు వేగం ఒక్కటే చాలదన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మరి కొనేవాళ్లు ఏం చూడాలి?

మన దేశంలో ఈ ఛాయిస్ రోజురోజుకూ తగ్గుతోంది. బీఎండబ్ల్యూ ఎం2 మాన్యువల్‌లోనూ దొరుకుతుంది. అందుబాటు ధరలో చూస్తే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ లాంటివి రెండు రకాల గేర్‌బాక్స్‌లతో వచ్చాయి. కానీ 2025లో ఇక్కడికి దిగుమతి అయిన గోల్ఫ్ జీటీఐ, స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ రెండూ డీఎస్‌జీతోనే వచ్చాయి.

నిర్ణయం తీసుకునే ముందు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి:

రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లే కారైతే ఆటోమేటిక్‌దే సుఖం. గచ్చిబౌలి జామ్‌లో క్లచ్ తొక్కుతూ గంట గడిపితే ఏ మజా మిగలదు.

డ్యూయల్ క్లచ్ తీసుకుంటే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకూడదు. కాస్త గ్యాప్ వచ్చాక కదిలితే క్లచ్‌ల మీద వేడి తగ్గుతుంది. వారంటీ అయిపోయాక దీని రిపేర్ ఖర్చు మాన్యువల్ క్లచ్ ఖర్చు కంటే చాలా ఎక్కువ. ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి ముందే అడగడం మంచిది.

ట్రాక్‌లో టైమ్ కొట్టడమే లక్ష్యమైతే ఆటోమేటిక్ తీసుకోవాలి. డ్రైవింగ్ నేర్చుకోవడం, ఆస్వాదించడం లక్ష్యమైతే మాన్యువల్ తీసుకోవాలి. టెస్ట్ డ్రైవ్ రెండింటిలోనూ చేయాలి.

మాన్యువల్ కావాలనుకుంటే కొత్తదే కొనాలి. కంపెనీలు చూసేది షోరూమ్ అమ్మకాలనే, అభిమానుల మాటలను కాదు. బుకింగ్‌లు రాకపోతే ఆ ఆప్షన్ తర్వాతి మోడల్‌లో ఉండదు.

మొత్తానికి స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే ఈ పోటీ ఎప్పుడో ముగిసింది, ఆటోమేటిక్ గెలిచింది. అయినా గేర్ రాడ్ ఇంకా ఉందంటే కారణం ఒక్కటే.. కొందరికి గమ్యం చేరడం కంటే నడపడమే ముఖ్యం. వాళ్లు ఎంతమంది ఉంటారు, షోరూమ్‌కు వచ్చి ఎంతమంది కొంటారు అన్నదాని మీదే గేర్ రాడ్ భవిష్యత్తు ఆధారపడి ఉంది.